పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: 851 మంది ఊరు, ఒక కౌంటీకి కేంద్రం

గత సంచికలో అమెరికా గడ్డి మైదానాల గురించి రాస్తూ కాన్సాస్ రాష్ట్రంలోని కాటన్‌వుడ్ ఫాల్స్ అనే ఊరిని ఒక్క వాక్యంలో ప్రస్తావించి ముందుకు వెళ్ళిపోయాం. ఆ ఊరి జనాభా 851 అనీ, అది ఛేజ్ కౌంటీకి కేంద్రమనీ అందులో రాశాం. వ్యాసంలో మిగిలిన విషయాలకన్నా ఆ ఒక్క వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: మా ఊళ్ళో ఒక్క పేటలోనే అంతకు రెండింతల జనం ఉంటారు. 851 మంది ఉన్న ఊరు జిల్లా కేంద్రం ఎలా అవుతుంది? అంకె ఏదైనా ఎగిరిపోయిందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

అంకె ఎగిరిపోలేదు. అది 2020 జనగణన లెక్క. అదే లెక్క ప్రకారం ఛేజ్ కౌంటీ మొత్తం జనాభా 2,572. అంటే కౌంటీలో ప్రతి ముగ్గురిలో ఒకరు ఈ ఊరివారే. కౌంటీ విస్తీర్ణం మాత్రం తక్కువేమీ కాదు, దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లు.

మన జిల్లాను మనసులో పెట్టుకుని అమెరికా కౌంటీని ఊహించుకుంటే లెక్క కుదరదు. కాన్సాస్ జనాభా 30 లక్షల లోపే అయినా అక్కడ 105 కౌంటీలున్నాయి; తెలంగాణలో మూడున్నర కోట్ల మందికి ఉన్న జిల్లాలు 33. ఏ మూలనున్న రైతయినా పొద్దున్నే బండి కట్టుకుని బయలుదేరి, కోర్టులో పని చూసుకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగేలా ఆ కాలంలో కౌంటీల హద్దులు గీశారని అక్కడివారు చెప్పుకుంటారు. బండ్లు పోయి కార్లు వచ్చాయి గానీ హద్దులు అలాగే ఉండిపోయాయి.

విస్తీర్ణం, జనాభాల కన్నా పెద్ద తేడా పాలనలో ఉంది. మన కలెక్టరు ప్రభుత్వం నియమిస్తే వస్తారు, బదిలీ చేస్తే వెళతారు. ఛేజ్ కౌంటీలో కలెక్టరు లాంటి అధికారి లేరు. ముగ్గురు కమిషనర్లు కౌంటీ బడ్జెట్టు, రోడ్లు, పన్ను రేటు వంటివి నిర్ణయిస్తారు. వారు కాక కౌంటీ క్లర్కు, ట్రెజరరు, దస్తావేజుల రిజిస్ట్రారు, షెరిఫ్, కౌంటీ తరఫున కేసులు నడిపే అటార్నీ కూడా నాలుగేళ్ళకోసారి ప్రజల ఓట్లతో ఎన్నికయ్యేవారే. భూమి కొన్నా, పన్ను కట్టినా, కారుకు నంబరు ప్లేటు తీసుకున్నా, ఓటరుగా పేరు నమోదు చేయించుకున్నా వీరిలో ఒకరి దగ్గరికే వెళ్ళాలి. కోర్టు విషయానికి వస్తే, ఛేజ్ కౌంటీ పక్కనున్న లయన్ కౌంటీతో కలిసి ఒకే న్యాయ మండలంలో ఉన్నప్పటికీ, కౌంటీకి ఒక న్యాయమూర్తి అయినా స్థానికంగా నివాసం ఉండి తీరాలని కాన్సాస్ చట్టం చెబుతోంది.

రెండున్నర వేల మందికి ఇంతమంది ఎన్నికైన అధికారులు అవసరమా అన్న వాదన అక్కడా ఉన్నదే. దాని సంగతి కిందనున్న మరో ప్రశ్నలో చూద్దాం. అధికారి ఎవరో ఓటరుకు పేరుతో సహా తెలిసిన చోట, ఆ అధికారిని కిరాణా కొట్టు దగ్గర ఆపి నిలదీయవచ్చు. అది సౌకర్యమో ఇబ్బందో ఆ అధికారినే అడగాలి.

ప్రశ్న: నేను విచిటాలో ఎమ్మెస్ చదువుతున్నాను. కాటన్‌వుడ్ ఫాల్స్ మీదుగా వెళ్ళినప్పుడు ఆ కోర్టు భవనం చూసి ఆశ్చర్యపోయాను. పారిస్‌లో ఉండాల్సిన కట్టడం ఈ పల్లెలోకి ఎలా వచ్చింది?
– ఒక విద్యార్థి, విచిటా, కాన్సాస్

మీరు పారిస్ అన్నది నిజానికి దగ్గరగానే ఉంది. రెండు వాలులుగా విరిగే నిటారు కప్పు, దాని మీద గడియారంతో ఉన్న శిఖరం, కప్పులోంచి తొంగిచూసే కిటికీలు – ఇవన్నీ ఫ్రాన్సులో మూడో నెపోలియన్ కాలంలో వ్యాప్తిలోకి వచ్చి, అమెరికాలో అంతర్యుద్ధం తర్వాత ప్రభుత్వ భవనాలకు ఫ్యాషన్‌గా మారిన శైలి లక్షణాలు. దీనికి నమూనా గీసిన జాన్ హాస్కెల్ కాన్సాస్ రాష్ట్ర శాసనసభా భవన నిర్మాణంలోనూ పాలుపంచుకున్న వాస్తుశిల్పి. 1873లో భవనం పూర్తయింది. కాన్సాస్‌లో ఇప్పటికీ కోర్టుగా వాడుకలో ఉన్నవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది. లోపల మెలికలు తిరుగుతూ పైకి వెళ్ళే మెట్ల వరుస స్థానికంగా దొరికిన వాల్‌నట్ కలపతో చేసినది. గోడల రాయి ఆ చుట్టుపక్కల క్వారీలలోని సున్నపురాయి. అదే రకం సున్నపురాయిని తర్వాత టొపీకాలోని శాసనసభా భవనానికి కూడా పెద్ద ఎత్తున తరలించారు కాబట్టి, రాష్ట్ర రాజధానిలోనూ ఈ కౌంటీ నేల కొంత నిలబడి ఉందని చెప్పవచ్చు.

ఇక ఎందుకు కట్టారన్నది. 1870 జనగణన నాటికి కౌంటీ మొత్తం మీద రెండు వేల మంది కూడా లేరు. భవనానికి అయిన ఖర్చు 42 వేల డాలర్లకు పైమాటే. అంతకుముందే, 1871లో, శాంటా ఫే రైలు మార్గం ఈ ఊరిని తాకకుండా ఉత్తరాన దాదాపు మూడు కిలోమీటర్ల దూరం నుంచి వెళ్ళిపోయింది. అక్కడ వెలసిన స్టేషను ఊరే ఇప్పటి స్ట్రాంగ్ సిటీ. రైల్వే కంపెనీ అధ్యక్షుడి పేరు మీద 1881లో ఆ పేరు పెట్టారు. ఆ కాలంలో రైలు తప్పిన ఊళ్ళు చాలావరకు ఒకటి రెండు తరాలలోనే ఖాళీ అయ్యాయి. కాటన్‌వుడ్ ఫాల్స్ ఖాళీ కాకపోవడానికి నాకు కనిపించే కారణం ఈ భవనమే. రాతితో, అంత ఖర్చుతో, వీధి చివర ఊరంతటికీ కనిపించేలా కట్టేశాక కేంద్రాన్ని స్టేషను ఊరికి మారుద్దామని అడగడం ఎవరికైనా కష్టమే. అది కోర్టుకు కట్టిన భవనమైనా, ఊరికి రాసిచ్చిన పట్టాలా పనిచేసింది.

ఇలాంటి పట్టా ఎంత అవసరమో తెలియాలంటే అదే రాష్ట్రపు పడమటి కౌంటీల చరిత్ర చూడాలి. కౌంటీ కేంద్రం తమకే కావాలని ఊళ్ళు తుపాకులతో కొట్టుకున్న రోజులవి. 1888లో స్టీవెన్స్ కౌంటీలో హ్యూగోటన్, వుడ్స్‌డేల్ ఊళ్ళ తగాదాలో నలుగురిని కాల్చి చంపారు. 1889 జనవరిలో గ్రే కౌంటీలో ఇంగల్స్ ఊరి తరఫు మనుషులు సిమరాన్‌లోని కోర్టు మీద పడి, కౌంటీ రికార్డులను బండిలోకి ఎక్కించుకుపోబోతే కాల్పులు జరిగి ఒకరు మరణించారు. రికార్డులు ఎక్కడుంటే కేంద్రం అక్కడే. కేంద్రం ఎక్కడుంటే లాయర్లు, హోటళ్ళు, బ్యాంకు, పత్రిక అక్కడే. ఛేజ్ కౌంటీ మాత్రం 1859లో ఏర్పడినప్పటి నుంచి కాటన్‌వుడ్ ఫాల్స్‌నే కేంద్రంగా ఉంచుకుంది.

ఆ భవనం పూర్తయిన 1873లోనే మరొకటి కూడా జరిగింది. ఈ రాష్ట్రానికి ఎవరి పేరు వచ్చిందో ఆ కాన్సా తెగవారిని, అంటే కా ప్రజలను, ఉత్తరాన ఉన్న కౌన్సిల్ గ్రోవ్ దగ్గరి వారి చివరి భూముల నుంచి ఇప్పటి ఓక్లహామాకు తరలించారు. ఆ గడియారపు శిఖరాన్ని మెచ్చుకునేవారు ఈ సంగతి కూడా తెలుసుకుని మెచ్చుకోవడం న్యాయం.

ప్రశ్న: కౌంటీలో నది ఉంది, వర్షం పడుతుంది, భూమికి కొదవ లేదు. మా వైపు అలాంటి నేల దొరికితే ఒక్క సెంటు కూడా బీడు పెట్టం. వాళ్ళు ఎందుకు సాగు చేయరు?
– ఒక రైతు, తెనాలి

నది వెంట సాగు ఉంది. కాటన్‌వుడ్ నది ఒండ్రు నేలల్లో మొక్కజొన్న, సోయా, గోధుమ పండుతాయి. మీ ప్రశ్న మిగతా నేల గురించి. దానికి జవాబు భూమికి కొద్ది అంగుళాల కిందే దొరుకుతుంది.

ఈ ప్రాంతాన్ని ఫ్లింట్ హిల్స్ అంటారు. పేరులోనే చెకుముకి రాయి ఉంది. కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడున్న లోతులేని సముద్రం సున్నపురాయి పొరలను వదిలి వెళ్ళింది. ఆ పొరల మధ్య చెకుముకి రాతి ముద్దలు పేరుకున్నాయి. సున్నపురాయి వానకు కరుగుతుంది, చెకుముకి కరగదు. అందువల్ల గుట్టల మీద మట్టి పలచగా, గట్టి రాతి ముక్కలతో నిండి ఉంటుంది. 19వ శతాబ్దంలో వలస వచ్చిన రైతులు నాగలి దించి చూశారు, కర్రు విరగ్గొట్టుకున్నారు, వదిలేశారు. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు 17 కోట్ల ఎకరాలలో ఉన్న ఎత్తు గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నాలుగు శాతం లోపు. అందులో సింహభాగం ఈ గుట్టల్లోనే ఉంది. అయోవా, ఇల్లినాయ్ రాష్ట్రాలలో ఆ గడ్డి కింద నల్లమట్టి లోతుగా ఉండటంతో మొత్తం దున్నేశారు. ఇక్కడ గడ్డిని కాపాడింది మనుషుల మంచితనం కాదు, రాయి. గోడలకు పనికొచ్చిన రాయి, నాగలికి అడ్డం వచ్చిన రాయి ఒకే కొండల్లోవి.

సాగు లేకపోయినా భూమి బీడుగా ఏమీ లేదు. అది మేత భూమి. బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ వంటి గడ్డి జాతులు వేసవి చివరికి మనిషి ఎత్తు పెరుగుతాయి, వేళ్ళు అంతకన్నా లోతుకు వెళతాయి. సున్నపురాయి మీద పెరిగినందువల్ల ఈ గడ్డిలో సున్నం పుష్కలమనీ, పశువు ఎముక గట్టిపడుతుందనీ అక్కడి పశుపోషకుల నమ్మకం. వసంతంలో బయటి ప్రాంతాల నుంచి లారీలలో కోడెదూడలను తెచ్చి వదిలి, బరువెక్కాక దాణా పెట్టి బలిపించే యార్డులకు పంపుతారు. ఎండాకాలం చివరిదాకా మేపే పాత పద్ధతి ఒకటైతే, మామూలుకు రెట్టింపు పశువులను వదిలి జూలై మధ్యకే తీసివేసి, మిగిలిన కాలమంతా గడ్డికి విశ్రాంతి ఇచ్చే పద్ధతి మరొకటి. రెండో పద్ధతి మీద కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చాలా పని చేశారు.

మీకు వింతగా తోచే విషయం ఒకటి చెప్పాలి. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ మేత భూములకు వారే నిప్పు పెడతారు. ఎండిన పాత గడ్డి కాలిపోతే నేలకు ఎండ తగిలి కొత్త చిగురు త్వరగా వస్తుంది. రెడ్ సీడర్ మొక్కలు మొలకలోనే మాడిపోతాయి. రెండు మూడేళ్ళు వరుసగా మానేస్తే మైదానం అడవిగా మారడం మొదలవుతుంది. మూలవాసులు కూడా కాల్చేవారు. లేత చిగురుకు బైసన్ మందలు దిగి వస్తాయని వారికి తెలుసు. ఈ పొగ విచిటా, కాన్సాస్ సిటీ దాకా వెళ్ళి అక్కడి గాలి నాణ్యతను దెబ్బతీస్తున్నందువల్ల, ఏ రోజు కాలిస్తే పొగ ఎటు పోతుందో చూసుకుని కాల్చేందుకు 2010లో రాష్ట్రం ఒక ప్రణాళిక తయారు చేసింది. వరి కొయ్యకాళ్ళు కాల్చడం మీద మన దగ్గర జరిగే వాదనతో దీన్ని కలపకండి. అక్కడ కాల్చేది పంట వ్యర్థాన్ని కాదు, మళ్ళీ అదే వేళ్ళ నుంచి లేచే గడ్డిని.

మేత వ్యాపారానికి మనుషులు ఎక్కువ అక్కరలేదు. వేల ఎకరాలను కొద్దిమంది చూసుకోగలరు. భూమి యజమానులలో చాలామంది కౌంటీలోనే ఉండరు. 1900 ప్రాంతంలో ఎనిమిది వేలు దాటిన కౌంటీ జనాభా ఇప్పుడు మూడో వంతుకు దిగడం వెనుక ఉన్న అసలు లెక్క ఇదే.

ప్రశ్న: అంత కొద్దిమంది కోసం ఒక ప్రభుత్వం నడపడం దండుగ కాదా? పక్క కౌంటీలో కలిపేస్తే సరిపోతుంది కదా!
– ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

డబ్బు లెక్కల్లో చూస్తే మీ మాట కాదనలేం. ఎంపోరియా నగరం, లయన్ కౌంటీ కేంద్రం, అరగంట ప్రయాణం లోపే ఉంది. ఛేజ్ కౌంటీ వాసులు ఆసుపత్రికి, పెద్ద బజారుకు వెళ్ళేది అక్కడికే. అయినా విలీనం మాట ఎవరూ ఎత్తరు. ఎందుకు ఎత్తరో గార్‌ఫీల్డ్ కౌంటీ కథ వింటే తెలుస్తుంది. కాన్సాస్‌లోనే ఉండిన ఆ కౌంటీలో రవానా, ఎమినెన్స్ అనే రెండు ఊళ్ళు కేంద్రం కోసం కోర్టులకెక్కాయి. చివరికి ఎమినెన్స్ గెలిచింది. ఇంతలో, కౌంటీ విస్తీర్ణం చట్టం అడిగే 432 చదరపు మైళ్ళకు తక్కువగా ఉందని తేలి, 1893లో కౌంటీనే రద్దు చేసి ఫిన్నీ కౌంటీలో కలిపారు. గెలిచిన ఊరూ మిగలలేదు, ఓడిన ఊరూ మిగలలేదు, రెండూ పాడుపడ్డాయి.

కేంద్రం హోదా పోతే ఊరికి పోయేవి ప్రభుత్వ ఉద్యోగాలు మాత్రమే కావు. కోర్టుకు వచ్చినవారు అక్కడే భోజనం చేస్తారు, పెట్రోలు పోయించుకుంటారు; భూమి పత్రాలు చూసే కార్యాలయాలు అక్కడే ఉంటాయి; స్థానిక పత్రికకు ప్రభుత్వ ప్రకటనలు ఆదాయం. కాన్సాస్ తన పాఠశాల మండలాలను 1960లలో పెద్ద ఎత్తున కలిపేసింది. ఆ తర్వాత ఛేజ్ కౌంటీలో హైస్కూలు కాటన్‌వుడ్ ఫాల్స్‌లో, ప్రాథమిక పాఠశాల స్ట్రాంగ్ సిటీలో ఉండేలా రెండు ఊళ్ళూ పంచుకున్నాయి. బడి పోగొట్టుకున్న చిన్న ఊళ్ళు ఏమయ్యాయో అందరూ చూశారు. కోర్టు విషయంలో ఆ ప్రయోగానికి ఎవరూ సిద్ధంగా లేరు.

అయితే హోదా నిలుపుకోవడానికి డబ్బు కావాలి, కౌంటీకి డబ్బు ప్రధానంగా ఆస్తి పన్ను నుంచే రావాలి. 1990లలో ఇక్కడి ఒక పెద్ద పశువుల క్షేత్రాన్ని జాతీయ ఉద్యానంగా మార్చాలన్నప్పుడు స్థానికులు వ్యతిరేకించడానికి గల కారణాలలో ఇది ఒకటి: ఫెడరల్ ప్రభుత్వ భూమి మీద కౌంటీ పన్ను వేయలేదు. వాషింగ్టన్ నుంచి వచ్చినవారు తమ భూములను కూడా లాక్కుంటారేమోనన్న భయం రెండోది. సెనేటర్ నాన్సీ కాసెబామ్ చొరవతో 1996లో వచ్చిన చట్టం మధ్యేమార్గం పట్టింది. దాదాపు 11 వేల ఎకరాల టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్‌లో ఫెడరల్ ప్రభుత్వం సొంతం చేసుకోగలిగింది గరిష్ఠంగా 180 ఎకరాలే; మిగిలింది ప్రైవేటు సంస్థ పేరున ఉంటుంది, నేషనల్ పార్క్ సర్వీసు దానితో కలిసి నిర్వహిస్తుంది. 2005 నుంచి ఆ భూమి నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ చేతిలో ఉంది. ఇంత చిన్న కౌంటీ అంత పెద్ద ప్రభుత్వంతో ఇలాంటి షరతు ఒప్పించుకోవడం నా దృష్టిలో చిన్న విజయం కాదు.

రెండో ఆదాయ మార్గం అంత సుందరమైనది కాదు. కౌంటీ జైలు స్థానిక అవసరానికి మించి పెద్దది. అందులో ఫెడరల్ వలస శాఖ అదుపులోకి తీసుకున్నవారిని ఉంచి, మనిషికి రోజుకు ఇంత అని కౌంటీ సొమ్ము తీసుకుంటుంది. మీరు దండుగ అన్న ప్రభుత్వం దండుగ కాకుండా ఉండటానికి ఏమేం చేయాల్సి వస్తుందో ఆ జైలు చూపిస్తుంది. కోర్టు భవనాన్ని ఫొటో తీసుకునే పర్యాటకులకు ఇది సాధారణంగా తెలియదు.

ప్రశ్న: ఛేజ్ కౌంటీ పేరు ఒక విమాన ప్రమాదం సందర్భంలో చదివినట్టు గుర్తు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

నిజమే. 1931 మార్చి 31న కాన్సాస్ సిటీ నుంచి విచిటా మీదుగా లాస్ ఏంజెలెస్ వెళ్ళాల్సిన ఫోకర్ విమానం ఈ కౌంటీలోని బజార్ అనే పల్లె దగ్గర గడ్డి మైదానంలో కూలి, అందులోని 8 మందీ మరణించారు. మృతులలో నోటర్ డామ్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ శిక్షకుడు నూట్ రాక్నీ ఉండటంతో దేశమంతా కదిలిపోయింది. విమానం రెక్క చెక్కతో చేసినది. తేమ చేరి లోపల అంటింపు వదిలిపోయింది. ఆ తర్వాతే చెక్క రెక్కల విమానాలకు కాలం చెల్లి, పూర్తి లోహపు విమానాల వైపు కంపెనీలు తొందరగా మళ్ళాయి. స్మారక స్తంభం ప్రైవేటు మేత భూమిలో ఉంది కాబట్టి అనుమతి లేకుండా వెళ్ళకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు విచిటాలో ఉంటారు. ఈ వేసవిలో మేమూ వెళుతున్నాం. ఆ ఊరు చూసి రావడానికి ఒక పూట చాలుతుందా?
– ఒక దంపతులు, వరంగల్

ఊరికి ఒక పూట చాలు, గడ్డి మైదానానికి మరో పూట ఉంచుకోండి. విచిటా నుంచి దాదాపు 120 కిలోమీటర్లు; కారు తప్ప మార్గం లేదు. షికాగో–లాస్ ఏంజెలెస్ ఆమ్‌ట్రాక్ రైలు స్ట్రాంగ్ సిటీ మీదుగానే వెళుతుంది గానీ ఆగదు. కాసొడే నుంచి కౌన్సిల్ గ్రోవ్ వరకు వెళ్ళే 177వ నంబరు రోడ్డు పట్టుకుంటే గుట్టల మధ్య నుంచి వెళ్ళవచ్చు. కోర్టు ఇప్పటికీ పనిచేసే కార్యాలయం కాబట్టి లోపలి మెట్లు చూడాలనుకుంటే శని, ఆదివారాలు కాకుండా పనిదినాన వెళ్ళండి. ఇటుకలు పరిచిన బ్రాడ్‌వే వీధిలో కోర్టు నుంచి ఉత్తరానికి నడిస్తే నది మీద 1914 నాటి కాంక్రీటు వంతెన వస్తుంది. దాని మీద ఇప్పుడు వాహనాలు లేవు, తీరికగా నిలబడవచ్చు.

స్ట్రాంగ్ సిటీ దాటాక ఉత్తరాన మూడు కిలోమీటర్లలో ప్రిజర్వ్ వస్తుంది. 1881లో కట్టిన రాతి బంగళా, మూడంతస్తుల రాతి పశువుల కొట్టం అక్కడ చూడదగ్గవి. 2009లో తెచ్చి వదిలిన బైసన్ మంద ఉన్న పొలం గుండా కాలిబాట వెళుతుంది. వాటికి వంద గజాల దూరంలో ఉండాలని పార్కువారి నియమం; మన గేదెల్లా నెమ్మదిగా కనిపిస్తాయని దగ్గరికి వెళ్ళకండి, గుర్రంతో సమానంగా పరుగెత్తగలవు. జూన్, జూలైలలో ఎండ మన రోహిణి కార్తెకు ఏమీ తీసిపోదు, కాలిబాటలో చెట్టు నీడ ఉండదు. నీళ్ళు, టోపీ తీసుకుని పొద్దున్నే వెళ్ళండి. మీరు చూడాలనుకున్నది మనిషి ఎత్తు గడ్డే అయితే ప్రయాణం సెప్టెంబరుకు జరుపుకోవడం మేలు. వేసవి మొదట్లో అది మోకాలి ఎత్తు కూడా దాటదు.